మేక మందు ఆవుకు పని చేస్తుందా?

2022 సంవత్సరం భాద్రపద మాసంలో ఒకనాటి సాయంకాలం. నూజివీడు నుండి ఆగిరిపల్లి వైపు పోయే దారిలో ఒక మామిడి తోట కాపలాదారు పాక ముందు మేము కూర్చొని ఉన్నాము. ఆ పెద్దాయన మనుమడు మా కళాశాల విద్యార్థి. కొన్నాళ్లుగా తరగతికి రానందున విచారించి పోదామని వెళ్లాము. రసాల కాపు ముగిసి చాలా కాలమైంది. చెట్ల క్రింద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉన్నది. ఆ గడ్డిలో ఒక ఆవు, దాని ఏడాది పెయ్య, ఐదు మేకలు మేస్తున్నాయి.

అంతలో పశువులకు టీకాలు వేసే యువకుడొకడు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆవుల ఒంటినిండా గడ్డలు లేచే ముద్దచర్మ వ్యాధి, పత్రికలు 'లంపీ స్కిన్' అని వ్రాస్తున్న జబ్బు, పడమటి రాష్ట్రాలలో పశువులను విపరీతంగా చంపుతున్నదనీ, ఆవుకూ పెయ్యకూ టీకా వేయించుకోవడం మంచిదనీ చెప్పాడు. పెద్దాయన సీసా చేతిలోకి తీసుకొని, దాని మీది అక్షరాలను మనుమని చేత చదివించాడు. అది మేకల మశూచికి చేసిన టీకా.

"మేక మందు ఆవుకెట్టా పని చేస్తుంది మాష్టారూ? మీరు చదువుకున్నోరు, చెప్పండి" అని ఆయన మా వైపు తిరిగాడు.

మేము చదివినది తెలుగు సాహిత్యం. నన్నయ ప్రయోగాలను గూర్చి అడిగి ఉంటే గంటసేపు మాట్లాడేవారము. ఈ ప్రశ్నకు మాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకొనడానికి నామోషీ పడి, "ఏమో, ప్రభుత్వం వారు ఇస్తున్నారు గదా" అన్నాము. ఆ 'ఏమో' అన్న మాట ఆయనకు చాలింది. యువకుణ్ణి తిప్పి పంపివేశాడు. మూడు వారాలు తిరగకుండానే పెయ్యకు జ్వరం తగిలి, మెడ మీద, పొట్ట మీద గడ్డలు లేచాయి. తరువాత ఆవుకూ సోకింది. ఆవు బ్రతికింది గాని పాలు సగానికి సగం పడిపోయాయి. పెయ్య బ్రతకలేదు.

టీకా వేయించి ఉంటే ఆ పెయ్య తప్పక బ్రతికేదని చెప్పజాలము. కాని దానికి ఒక అవకాశం ఉండేది. ఆ అవకాశాన్ని పోగొట్టిన వాటిలో మా అజ్ఞానం ఒకటి. నాటి నుండి తీరిక దొరికినప్పుడల్లా ఈ విషయాన్ని చదివాము. గన్నవరం పశువైద్య కళాశాలలో చదివిన మా పూర్వ విద్యార్థి ఒకరు తమ పుస్తకాలు ఇచ్చి, మాకు అర్థం కాని చోట ఓపికగా విడమరచి చెప్పారు. పెద్దాయనకు నాడు చెప్పవలసి ఉండిన జవాబును ఇక్కడ వ్రాస్తున్నాము. మేకా వారు జమీందారులుగా ఏలిన నూజివీడులో మేకను గూర్చి ఇంత ఆలస్యంగా తెలుసుకోవడం మాకే వింతగా ఉన్నది.

మొదట మాటను గూర్చి కొంచెం. తెలుగు విద్యార్థికి 'టీకా' అనగానే టీకాతాత్పర్యాలు గుర్తుకు వస్తాయి. కఠినమైన పద్యానికి తేలికైన మాటలలో చెప్పిన అర్థం టీక. సూదిమందుకు వాడే 'టీకా' దీని నుండి పుట్టలేదు. అది బొట్టు, గుర్తు అనే అర్థంలో ఉర్దూ, హిందీ భాషలలో ఉన్న మాట. మశూచి టీకా భుజం మీద బొట్టు వంటి మచ్చను వదిలేది. రెండు మాటలకు పుట్టుకలో సంబంధం ఎట్లున్నా, పనిలో పోలిక ఉన్నది. శరీరం చదవలేని కఠిన పాఠాన్ని తేలికైన పాఠం ద్వారా ముందుగా నేర్పడమే సూదిమందు టీకా చేసే పని.

ఈ విద్యకు మొదటి పాఠం చెప్పినది ఆవు. ఇంగ్లండులో పాలు పితికే స్త్రీల చేతులకు ఆవు పొదుగు నుండి చిన్న పొక్కులు సోకేవి. అట్టివారికి మశూచి రాదని పల్లెజనం చెప్పుకొనేవారు. బెంజమిన్ జెస్టీ అనే రైతు ఆ మాటను నమ్మి 1774లోనే తన భార్యకూ బిడ్డలకూ ఆ పొక్కుల రసాన్ని ఎక్కించాడు. ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడు 1796 మే 14న సారా నెల్మ్స్ అనే పాలమ్మి చేతి పొక్కు నుండి రసం తీసి, జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేండ్ల బాలుని చేతికి ఎక్కించాడు. జూలై 1న ఆ బాలునికి అసలు మశూచి రసాన్నే ఎక్కించి చూశాడు. వ్యాధి రాలేదు. ఒకరి బిడ్డపై అట్టి పరీక్ష చేయడాన్ని నేడు ఏ వైద్యసంఘమూ ఒప్పుకొనదు. ఆ రోజులలో మశూచి సోకిన వారిలో పదిమందికి ముగ్గురు చనిపోయేవారన్నది కూడా మరువరాదు.

ఆ గోమశూచి రసం మన దేశానికి వచ్చిన దారి ఆసక్తికరం. వియన్నా, ఇస్తాంబుల్, బాగ్దాదు, బస్రాల మీదుగా ఒకరి చేతి నుండి మరొకరి చేతికి మారుతూ అది బొంబాయి చేరింది. 1802 జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేండ్ల బాలికకు అక్కడ మొదటి టీకా పడింది. అటుపిమ్మట మద్రాసు రాజధానికీ వచ్చింది. ఆవు రోగాన్ని మనిషికి ఎక్కించడమేమిటని జనం జంకారు. నాడు మద్రాసులో ఉన్న ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ దొర ఆ జంకు పోగొట్టడానికి, దేవతకూ ధన్వంతరికీ సంభాషణ జరిగినట్లుగా తమిళంలో ఒక రచన చేశాడు. టీకా మన శాస్త్రాలలో ఉన్నదేనని నమ్మించడం ఆయన ఉద్దేశం. మేలు కోరి చెప్పినదైనా కల్పన కల్పనే. పెద్దాయన వంటివారికి కావలసినది కల్పన కాదు, కారణం అని మా అభిప్రాయం.

ఈ ఎల్లిస్ తెలుగువారికి మరొక విధంగా ఎరుకైనవాడే. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబపు భాషలనీ, అవి సంస్కృతం నుండి పుట్టలేదనీ ధాతువులను పోల్చి చూపినవాడు ఆయనే. తెలుగులో సంస్కృత పదాలు కుప్పలుగా ఉన్నాయి. పైకి చూస్తే తెలుగుకు సంస్కృతమే తల్లి అనిపిస్తుంది. ధాతువుల దాకా తవ్వితే గాని అసలు చుట్టరికం బయటపడదు. వైరస్‌ల సంగతీ అచ్చంగా ఇంతే.

మన పల్లెలలో మశూచిని పెద్దమ్మవారు అనేవారు. నీటిపొక్కుల జబ్బును ఆటలమ్మ అంటారు. ఇద్దరూ అమ్మవార్లే, ఒంటి మీద రెండూ పొక్కులే. కనుక ఒకటి వచ్చినవారికి రెండవది రాదనుకొనేవారు లేకపోలేదు. ఇది తత్సమ పదాల పోలిక వంటి పోలిక. ఆటలమ్మ వైరస్ హెర్పిస్ అనే వేరే కుటుంబానికి చెందినది. మశూచితో దానికి ఏ చుట్టరికమూ లేదు, ఒకదాని టీకా రెండవదాన్ని ఆపదు. వ్యాధులను పేరు బట్టి గాక లక్షణం బట్టి విడదీసి చూడడం పాత విద్యయే. బాగ్దాదులో పనిచేసిన పారసీక వైద్యుడు అల్ రాజీ పదవ శతాబ్ది తొలి రోజులకే మశూచినీ తట్టునూ రెండు వేరు వ్యాధులుగా గుర్తించి 'కితాబ్ అల్ జుదరీ వల్ హస్బా' అనే గ్రంథం వ్రాశాడు. జ్వరం ఎట్లా మొదలవుతుంది, వెన్నునొప్పి ఏ వ్యాధిలో ఎక్కువ, దిగులు ఏ వ్యాధిలో ఎక్కువ అని ఆయన రోగి ప్రక్కన కూర్చొని చూసి చెప్పిన తీరును మా ఉర్దూ శాఖ మిత్రులు చదివి వినిపించినప్పుడు మేము విస్తుపోయాము. వైరస్ అనేది ఒకటున్నదని అప్పటికి ఎవరూ ఎరుగరు.

ఇక పెద్దాయన ప్రశ్న. గొర్రెల మశూచి, మేకల మశూచి, ఆవుల ముద్దచర్మ వ్యాధి, ఈ మూడింటిని కలిగించే వైరస్‌లు మూడూ ఒకే తల్లి బిడ్డలు. వీటి జాతిని కాప్రిపాక్స్ అంటారు. లాటిను భాషలో కాప్రా అంటే మేక. ఈ మూడింటి జన్యుపాఠాలను అక్షరమక్షరం పోల్చి చూస్తే నూటికి 96 పాళ్లు ఒకటిగానే ఉన్నాయి. శరీరం శత్రువును గుర్తించేది దాని పైతొడుగు ఆకారాన్ని బట్టి. మేక మశూచి టీకా పడిన ఆవు దేహంలో ఆ ఆకారానికి తగిన ప్రతిరక్షకాలు తయారవుతాయి, ఆ గుర్తు నిలిచిపోతుంది. తరువాత ముద్దచర్మ వైరస్ లోపలికి వచ్చినప్పుడు ఆ ముఖం దానికి కొత్త కాదు. మేకలో తన సొంత పని చేసే టీకా వైరస్, బలం తగ్గించి పెంచినది కనుక, ఆవుకు జబ్బు కలిగించదు.

ముద్దచర్మ వ్యాధిని మొదట 1929లో ఆఫ్రికా ఖండంలోని నేటి జాంబియాలో చూశారు. మన దేశంలో 2019లో ఒడిశాలో బయటపడింది. ఈగలు, దోమలు, పిడుదులు దీనిని మోసుకుపోతాయి. 2022లో గుజరాతు, రాజస్థాన్ మొదలైన రాష్ట్రాలలో చెలరేగినప్పుడు దేశమంతటా లక్షకు పైగా పశువులు చనిపోయాయి. సొంత టీకా అప్పటికి మన చేతిలో లేదు. మేకల టీకా మాత్రం ఉన్నది. ఉత్తరకాశీ రకపు వైరస్‌తో చేసిన ఆ టీకానే వ్యాధి కనిపించిన గ్రామాల చుట్టూ వలయంగా, ఆరోగ్యంగా ఉన్న పశువులకు వేయించారు. చేతిలో ఉన్న జ్ఞానంతో, చేతిలో ఉన్న సీసాతో ఆపద్ధర్మంగా చేసిన పని అది. ఒక మాట సందర్భవశాత్తు. ఈ వ్యాధి మనుషులకు సోకదు. ఆ రోజులలో నూజివీడులో కొందరు పాలు మానివేశారు. కాచిన పాలకు భయం లేదు.

అయితే చుట్టరికం చుట్టరికమే గాని స్వరూపం కాదు. మేక టీకా ఇచ్చిన రక్షణ పూర్తిది కాదు, కొన్నిచోట్ల టీకా పడిన పశువులకూ వ్యాధి వచ్చింది. 2015, 2016 సంవత్సరాలలో గ్రీసు, బాల్కను దేశాలు ముద్దచర్మ వైరస్ నుండే చేసిన టీకాతో వ్యాధిని అరికట్టగలిగాయి. కెన్యాలో జరిగినది మరీ విచిత్రం. గొర్రెలు, మేకల మశూచి వైరస్ అనే పేరుతో అక్కడ ఏండ్ల తరబడి టీకాకు వాడిన ఒక రకాన్ని జన్యుపరీక్ష చేస్తే, అది నిజానికి ఆవుల ముద్దచర్మ వైరసేనని తేలింది. దాని బలం చాలినంత తగ్గించలేదు కనుక కొన్ని ఆవులకు అది జబ్బునే తెచ్చిపెట్టింది. సీసా మీది పేరు ఒకటి, లోపలి సరుకు మరొకటి. పెద్దాయన సీసా మీది అక్షరాలు చదివించడంలో తప్పేమీ లేదని ఇది చదివిన తరువాత మాకు తోచింది. చదివించడం మంచిదే. చదివినదానికి అర్థం చెప్పేవారు ప్రక్కన లేకపోవడమే లోపం.

మన దేశపు శాస్త్రజ్ఞులు ఊరకుండలేదు. రాంచీలో 2019లో సేకరించిన వైరస్‌ను ప్రయోగశాల కణాలలో మళ్లీ మళ్లీ పెంచి బలం తగ్గించి, హిస్సారులోని గుర్రాల పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థ కలిసి 'లంపీ ప్రోవాక్ ఇండ్' అనే టీకాను రూపొందించాయి. దానిని 2022 ఆగస్టు 10న విడుదల చేశారు. 2025 ఫిబ్రవరిలో బెంగుళూరు బయోవెట్ సంస్థ టీకాకు ఔషధ నియంత్రణ అనుమతి లభించింది. మేకను అరువడిగే అవసరం దీనితో తీరే దారి ఏర్పడింది.

మేకకు ఆవు తీర్చిన రుణం కథ కూడా ఒకటున్నది. అది ఇంతకంటె పాతది. మన పెద్దలు ముసర వ్యాధి అని భయపడిన జబ్బు ఎద్దులను మందలు మందలుగా చంపేది. దాని కోసమే 1889లో పూనాలో ప్రయోగశాల పెట్టి, 1893లో హిమాలయాలలోని ముక్తేశ్వరానికి మార్చారు. అక్కడ 1920లలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ముసర వైరస్‌ను ఒక మేక నుండి మరొక మేకకు ఎక్కిస్తూ పోయాడు. మేకకు అలవాటు పడినకొద్దీ ఆవు పట్ల దాని తీవ్రత తగ్గింది. ఆ మెత్తబడిన వైరసే ఎన్నో ఏండ్లు ఈ దేశపు పశువులకు టీకా అయింది.

1987లో తమిళనాడులోని అరసూరు గ్రామంలో గొర్రెలకు ముక్కు కారి, నోరు పుండై, పారుడు పట్టి చనిపోవడం చూశారు. అంతవరకూ అట్టి వాటిని ముసర అనే అనుకొనేవారు. పరీక్షించగా అది ముసర కాదు, ముసరకు దాయాది అయిన పి.పి.ఆర్. వైరస్ అని తేలింది. మన రైతులు పారుడు రోగం అనేది దీనినే. మనుషుల తట్టు, కుక్కల డిస్టెంపర్, ముసర, పారుడు, ఇవన్నీ ఒకే జాతి. దీనికి సొంత టీకా లేని రోజులలో ముసర టీకానే గొర్రెలకూ మేకలకూ వేశారు. అది వాటిని కాపాడింది.

అయితే ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. దేశంలో ముసర లేదని ప్రపంచం ఒప్పుకోవాలంటే టీకాలు ఆపివేసి, పశువుల రక్తంలో ముసర గుర్తులు లేవని చూపాలి. మేకలకు ఆ టీకా వేస్తూ పోతే ఆ గుర్తు టీకాదో వ్యాధిదో తెలియదు. కనుక ఎరువు సొమ్ము మానుకొని సొంత నగ చేయించుకొనక తప్పలేదు. ముక్తేశ్వరంలోనే పారుడు రోగపు వైరస్ నుండి వేరుగా టీకా చేశారు. మన దేశంలో ముసర చివరిసారి 1995లో కనిపించింది. 2006లో భారతదేశానికి ముసర రహిత గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమంతటా ఆ వ్యాధి అంతరించినట్లు ప్రకటించారు. మశూచి తరువాత భూమి మీద నుండి మనిషి తుడిచివేసిన రెండవ వ్యాధి ఇది. పారుడు రోగం ఇంకా మన మేకల దొడ్లలో ఉన్నది.

మశూచి విషయంలోనూ ఇట్టి పరిణామమే కలిగింది. 1975 మే నెల తరువాత మన దేశంలో మశూచి లేదు, 1980 మే 8న ప్రపంచమే దాని నుండి విముక్తమైంది. టీకాలు ఆపారు. ఆ టీకా దాని చుట్టమైన మంకీపాక్స్ నుండి కూడా రక్షణ ఇస్తుండేదని ఆఫ్రికాలో గమనించారు. టీకా పడని తరాలు పెరిగాయి. 2022లోనూ 2024లోనూ మంకీపాక్స్‌ను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ప్రకటనలు చేయవలసి వచ్చింది. ఆ రెండు సందర్భాలలోనూ మొదట చేతికి వచ్చినది మశూచి కోసం చేసి పెట్టుకొన్న టీకాయే. విద్యార్థులు తాతగారి భుజం మీద గుండ్రని మచ్చను చూచి ఉంటారు. తమ భుజం మీది మచ్చను చూచుకొని అదే ఇది అనుకోవద్దు. వారిది క్షయ నివారణకు వేసే బి.సి.జి. మచ్చ.

మా విద్యార్థులలో చాలామందికి తెలియని సంగతి మరొకటి చెప్పవలసి ఉన్నది. 2022 మార్చి 16 నుండి పన్నెండు, పదునాలుగు ఏండ్ల మధ్య పిల్లలకు కోవిడ్ టీకాగా వేసినది హైదరాబాదులోని బయొలాజికల్ ఇ సంస్థ తయారుచేసిన కార్బెవాక్స్. నేడు ఈ సంచిక చదివే ఇంటర్మీడియట్ వారిలో పలువురు దానిని వేయించుకొన్నవారే. దాని మూలం కోవిడ్ పరిశోధనలో లేదు. 2002, 2003లలో వచ్చిన సార్స్ వ్యాధికి టీకా చేయాలని అమెరికాలోని టెక్సాస్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలేనా బొటాజీ బృందం ఏండ్ల తరబడి పనిచేసింది. 2016 నాటికి సరుకు సిద్ధమైంది. కాని సార్స్ అప్పటికే కనుమరుగైంది, లేని జబ్బు మందుకు డబ్బు పెట్టేవారు లేకపోయారు. నాలుగేండ్లకు దాని చుట్టం వచ్చి లోకాన్ని ముంచెత్తింది. అదే పద్ధతిలో, హెపటైటిస్-బి టీకా వలె ఈస్టు కణాలలో ప్రోటీను పెంచి, కొత్త టీకా చేశారు. ఆ నాలుగేండ్లూ ఎవరైనా డబ్బు పెట్టి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో మేము లెక్క వేయలేము. పాత జబ్బును చదివేవారిని చూచి నవ్వడం మాత్రం మేము మానివేశాము.

గత శ్రావణంలో మళ్లీ ఆ తోటకు వెళ్లాము. మనుమడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. పాక వెనుక కొత్తగా కొన్న పెయ్య ఒకటి కట్టివేసి ఉన్నది. పశువైద్యశాల వారు వస్తారని తెలిసి పెద్దాయన ఆవునూ పెయ్యనూ ప్రొద్దున్నే మేతకు వదలకుండా ఉంచాడు. ఇన్నాళ్లకు మేము నేర్చుకొన్న జవాబు చెప్పాము. ఆయన చివరిదాకా విని, బీడీ ఆర్పి, మేకల వైపు చూశాడు.

"అయితే మాష్టారూ, వీటికి పారుడు రోగం రాకుండా కూడా ఆ సూదే వేయించేస్తే సరిపోదంటారా?"

సరిపోదన్నాము. ఆవు గడ్డల జబ్బుకూ మేక మశూచికీ చుట్టరికం ఉన్నది గాని, పారుడు రోగం వేరే ఇంటిది, దానికి దాని టీకాయే కావాలి అని చెప్పాము. ఈసారి 'ఏమో' అనలేదు.

పెద్దాయన మనుమణ్ణి కేకవేసి, "ఒరేయ్, మేకల సూది ఎప్పుడేస్తారో ఆ డాక్టరు గారిని కనుక్కో. ఐదూ ఉన్నాయని చెప్పు" అన్నాడు.